భుజానికి కుట్టిన సంచి

(సంఘ వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు నాకు ఇరవై నిమిషాలు కేటాయించి, ఏ విషయం మీద మాట్లాడతారని అడిగారు. "సంచి" అన్నాను. "మన ప్రత్యేక సంచిక గురించా?" అన్నారు. "కాదండీ, చివర క లేని సంచి" అన్నాను. ఆయన నన్ను ఒకసారి ఎగాదిగా చూసి రాసుకున్నారు. డి.ఎ. బకాయిల గురించి నాకంటే బాగా చెప్పగలవారు ఈ వేదిక మీదే ముగ్గురున్నారు గనుక, నేను సంచికే కట్టుబడి ఉంటాను.

ఇక్కడ కూర్చున్న మనలో సంచి లేనివారు ఎవరూ లేరు. కొందరి ఒళ్ళో ఉంది, కొందరి కుర్చీ కింద ఉంది. ఉద్యోగంలో ఉండగా మన కాగితాలు మోయడానికి అటెండరు ఉండేవాడు, లేదా బీరువా ఉండేది. రిటైరైన మర్నాటి నుంచి బీరువా మన భుజం మీదికి వచ్చింది. పాస్‌బుక్కు, పి.పి.ఓ. నకలు, ఆధారు, మందుల చీటీ, మందులు, కళ్ళజోడు, గొడుగు, నీళ్ళ సీసా, సెల్‌ఫోను. ఇవిగాక ఇంటావిడ చెప్పిన కరివేపాకు.

నేను 2008లో రిటైరైనప్పుడు మా సెక్షన్ వారు శాలువాతో పాటు ఒక నల్లటి రెగ్జిన్ సంచి ఇచ్చారు. ఎన్ని జిప్పులో! పైన రెండు, ముందు రెండు, వెనక ఒకటి. అది పొలుసులు రాలేదాకా పదకొండేళ్ళు వాడాను. పొలుసులు చొక్కాకి అంటుకుంటున్నాయని మా ఇంటావిడ గొడవ పెట్టేది తప్ప, ఆ సంచిలో లోపం ఉందని నాకు తోచలేదు. తోచిన రోజు గురించి చెబుతాను.

2019లో ఒకరోజు బ్యాంకులో ఆలస్యమై, భోజనం వేళ దాటి బస్సెక్కాను. నాకు చక్కెర వ్యాధి, మాత్ర వేసుకునే బయల్దేరాను. కాసేపటికి చెమటలు, చేతుల వణుకు, కళ్ళ ముందు మసక. షుగరు పడిపోతోందని నాకు తెలుస్తూనే ఉంది. సంచిలో గ్లూకోజు పొట్లం ఉందనీ తెలుసు. ఎక్కడుందో తెలియదు. పక్క సీటులో కాలేజీ అమ్మాయి "తాతయ్యా, ఏం కావాలి? ఎవరికి ఫోను చెయ్యాలి?" అని అడుగుతోంది. నా నోటివెంట మాట రాలేదు. ఆ పిల్ల ఐదు జిప్పులూ తీసింది. లోపల ప్లాస్టిక్ కవరు, దానిలో ఇంకో కవరు, దానికి రబ్బరు బ్యాండు. నల్ల సంచి, లోపలా నలుపే. పి.పి.ఓ. దొరికిందట, 2006 నాటి ఇంక్రిమెంటు ఉత్తర్వు జిరాక్సు దొరికిందట, గ్లూకోజు మాత్రం దొరకలేదు. చివరికి కండక్టరు ఎవరి దగ్గరో చాక్లెట్లు అడిగి తెచ్చి నోట్లో పెట్టాడు. సెల్‌ఫోనుకు తాళం వేసి ఉంది గనుక ఇంటికి కబురు రెండు గంటల తరువాత గాని అందలేదు. ఆ రెండు గంటలు వీధి గుమ్మంలో నిలబడి చూసిన మనిషి ఈ సభలో నాలుగో వరుసలో కూర్చుని ఉంది. ఆమె ఆనాడు నన్ను ఏమీ అనలేదు. అని ఉంటే బాగుండేది.

మర్నాడు సంచిని మంచం మీద బోర్లించాను. గ్లూకోజు ఉంది. అడుగున, గొడుగు మడతలో.

మా అమ్మాయి కొత్త సంచి కొని పంపిస్తానంది. దుకాణాల్లో చూశాను. అన్నీ ల్యాప్‌టాప్‌కి చేసినవి, లేకపోతే కొండలెక్కేవారికి చేసినవి. ముసలివాడికి చేసిన సంచి లేదు. సరే, మనమే చేసుకుందామనుకున్నాను. ముప్పైయేడేళ్ళు గుమాస్తాగా పనిచేసినవాడికి ఏ పనైనా రిజిస్టరుతోనే మొదలవుతుంది. పదిహేను రోజులపాటు ఒక నోటు పుస్తకంలో గడులు గీసి, బయటికెళ్ళినప్పుడల్లా సంచిలోంచి ఏది తీశాను, ఎన్నిసార్లు తీశాను అని రాశాను. కళ్ళజోడు, సెల్‌ఫోను రోజుకి ఐదారుసార్లు. నీళ్ళు మూడుసార్లు. మందులు ఒకసారి. గొడుగు పదిహేను రోజుల్లో రెండుసార్లు. పి.పి.ఓ. ఒక్కసారి కూడా కాదు! పదకొండేళ్ళు దాన్ని అనవసరంగా మోశాను. అసలు కాగితాలు ఇంట్లో ఉండాలి, సంచిలో నకళ్ళు చాలు, అవి కూడా పనిబడ్డ రోజునే. ఎ.టి.ఎం. కార్డు వెనక పిన్ నంబరు రాసుకునే మిత్రులు కొందరున్నారు, పేర్లు చెప్పను, దయచేసి ఈ రాత్రికే చెరిపేయండి.

తరువాత అన్నిటినీ వంటింటి కాటాలో తూచాను. అరలీటరు నీళ్ళు అరకిలో, సీసా అదనం. గొడుగు 300 గ్రాములు, ఫోను 200. కళ్ళజోడు, పర్సు, మందులు, కాగితాలు కలిపి ఇంకో 400. మొత్తం కిలోన్నరకి కొంచెం తక్కువ. అంటే సంచి స్వంత బరువు అరకిలో దాటకూడదు.

తోలుతోనే ఎందుకు అంటారేమో. రెగ్జిన్ గుడ్డ మీద పూసిన పూత, అది రాలక తప్పదు. కాన్వాసు తేలికే గాని, పెట్టెలా నిలబడదు, చెయ్యి పెడితే కూలబడుతుంది. తోలు నిలబడుతుంది, అరిగిన కొద్దీ మనకి లొంగుతుంది. మా నాన్నగారి పొలంలో కపిల బొక్కెనకి తోలు తొండం ఉండేది. ఏడాది పొడుగునా నీళ్ళలో నానుతూ ఎండలో ఎండుతూ ఉండేది. దానికి ఆముదం పట్టించేవారు. ఆ వాసన నాకిప్పటికీ గుర్తుంది.

పని నేర్పే మనిషి కావాలి. మా పాత ఆఫీసు ప్రహరీగోడ పక్కన చెట్టు కింద ఒకాయన చెప్పులు కుట్టేవారు. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలోనే ఆయన అక్కడికి వచ్చారు. ముప్పై ఏళ్ళకి పైగా నా చెప్పులు ఆయనే కుట్టారు. నేను నిలబడేవాణ్ణి, ఆయన కూర్చునేవారు. "ఏమోయ్, అయిందా?" అనేవాణ్ణి. పేరు అడగలేదు. ఈ సంచి పని మీద వెళ్ళిన రోజున మొట్టమొదటిసారి ఆ గోనెపట్టా మీద కూర్చున్నాను. మోకాళ్ళ వల్ల కూర్చోవడానికి సమయం పట్టింది, లేవడానికి ఇంకా ఎక్కువ పట్టింది. ఆయన కంగారుపడి తన పీట జరిపారు. వయసు నాకంటే రెండేళ్ళు ఎక్కువని తరువాత ఆధారు కార్డు చూశాకే తెలిసింది.

నేను పాత ఫైలు అట్టలతో నమూనా చేసి తీసుకెళ్ళాను. పదకొండు అరలు. లైఫ్ సర్టిఫికెట్‌కి ఒకటి, పాస్‌బుక్కుకి ఒకటి, ఇలా ప్రతిదానికీ చీటీ అంటించాను. ఆయన దాన్ని తిప్పి తిప్పి చూసి, "బాబుగారూ, తమరు కాయితాలకి సంచీ కుడతన్నారు, భుజానికి కుట్టట్లేదు" అన్నారు. నా సర్వీసులో చాలామంది అధికారులు నా నోట్ ఫైలు మీద వ్యాఖ్యలు రాశారు గాని, ఇంత సూటిగా ఎవరూ రాయలేదు.

అరలు మూడుకి తగ్గించాం. కొలతలు చెబుతాను, కావలసినవారు రాసుకోండి. వెడల్పు 10 అంగుళాలు, ఎత్తు 8, లోతు రెండున్నర. ఏ4 కాగితం సగానికి మడిస్తే పట్టే కొలత ఇది. మన కాలపు ఫుల్‌స్కేప్ కాగితం కూడా సగానికి మడిస్తే పడుతుంది గాని, ఇప్పుడు దాన్ని అడిగేవారు లేరు. ముందు ముక్క ఒకటి, వెనక ముక్క ఒకటి, పైనుంచి ముందుకి వాలే మూత ఒకటి, రెండు పక్కలూ అడుగూ కలిపి 3 అంగుళాల వెడల్పున 26 అంగుళాల పట్టీ ఒకటే. అడుగున అతుకు లేకపోవడం ముఖ్యం, బరువంతా అక్కడే పడుతుంది గదా. ముందువైపు బయట జేబు ఒకటి. గొడుగుకి సంచి కింద రెండు తోలు వలయాలు, నీళ్ళ సీసాకి పక్కన ఒక వలయం. తడిసిన గొడుగు, నీళ్ళ సీసా లోపలికి రాకూడదన్నది ఆయన పెట్టిన షరతు. అన్నీ కలిపితే మూడుంబావు చదరపుటడుగుల తోలు. తరుగు పోతుంది గనుక ఐదు కొనాలి.

మొదటి సంచి చెడగొట్టానని ఒప్పుకుంటున్నాను. మందంగా ఉంటే మన్నుతుందని చెప్పుల తోలు తీసుకున్నాను, దాదాపు 3 మిల్లీమీటర్లది. ఖాళీ సంచే 950 గ్రాములు తూగింది. పైగా పట్టీని పొట్ట భాగం తోలులోంచి కోశాను. పశువు చర్మంలో వీపు భాగం బిగువుగా ఉంటుంది, పొట్ట భాగం సాగుతుంది. రెండు నెలల్లో పట్టీ అంగుళంన్నర సాగి, నడుస్తుంటే సంచి తొడకి కొట్టుకోవడం మొదలైంది. ఆయన ముందే చెప్పారు, నేనే వినలేదు. తోలు మిగిలిపోతుందని పొదుపుకి పోయాను. ఆడిట్ వారి భయం రిటైరైనా పోదు.

రెండోసారి మా అమ్మాయి ఉండే చెన్నైకి వెళ్ళినప్పుడు పెరియమేటులో తోలు కొన్నాను. ఆ వీధంతా తోలు దుకాణాలే. అక్కడ రెండు రకాలు చూపించారు. క్రోమియం ఉప్పుతో పదును చేసినది ఒకటి, మెత్తగా ఉంటుంది, నీళ్ళకి ఓర్చుకుంటుంది. చెట్ల బెరడుతో పదును చేసినది రెండోది, గట్టిగా, తేనె రంగులో ఉంటుంది, వంచిన చోట వంగి నిలబడుతుంది. మన దేశంలో తరతరాలుగా ఈ రెండో పద్ధతికి వాడినది తంగేడు చెక్క, తుమ్మ చెక్క, కరక్కాయ. బతుకమ్మలో పేర్చే పసుపుపచ్చని పువ్వు ఉన్నదే, ఆ తంగేడే. ఊళ్ళలో లందలు ఉండే రోజుల్లో వారాల తరబడి ఆ కషాయంలో తోళ్ళు నానేవి. ఆ వాసనకి ముక్కు మూసుకుని పక్కదారిన పోయినవాళ్ళం మనం. ఆ తోలుతో కుట్టిన కిర్రుచెప్పులు మాత్రం వేసుకున్నాం.

చెన్నై అడయారులో 1948లో పెట్టిన కేంద్ర తోలు పరిశోధనా సంస్థ ఉంది. 1958 నుంచి దానికి డైరెక్టరుగా ఉన్నది మన తెనాలి దగ్గర యలవర్రులో పుట్టిన యలవర్తి నాయుడమ్మగారు. 1971లో ఢిల్లీ వెళ్ళి దేశంలోని శాస్త్ర పరిశోధనాలయాలకంతా డైరెక్టర్ జనరల్ అయ్యారు. 1985 జూన్ 23న కనిష్క విమానం పేలిపోయినప్పుడు అందులో ఉన్నారు. అంటరాని పని అని లోకం పక్కన పెట్టినదాన్ని శాస్త్రంగా నిలబెట్టిన మనిషి మన జిల్లావాడని చెప్పుకుంటాం. నేను కూడా చాలాసార్లు చెప్పుకున్నాను, చెట్టు కింద కూర్చున్నాయన పేరు అడక్కుండానే.

మళ్ళీ సంచిలోకి వస్తాను. తోలు 1.5 మిల్లీమీటర్ల మందానిది తీసుకున్నాను. చదరపుటడుగు సుమారు 130 గ్రాములుంటుంది. బకిలుతో సహా సంచి 480 గ్రాములకి వచ్చింది. పట్టీ వీపు భాగంలోంచి, వెన్నెముక వెంబడి పొడుగ్గా కోసినది, అంగుళంన్నర వెడల్పు. ముప్పాతిక అంగుళం పట్టీకంటే ఇది భుజాన్ని సగమే నొక్కుతుంది. మెడ అరిగినవాళ్ళకి ఆ తేడా తెలుస్తుంది. అడ్డంగా వేసుకోవాలి, మూత ఒంటివైపు ఉండాలి, అప్పుడు బస్సులో జేబుదొంగకి అందదు.

కుట్టు గురించి కొంచెం చెప్పాలి, ఎందుకంటే నాకు అన్నిటికంటే ఆనందమిచ్చినది అదే. మిషను కుట్టులో పై దారం, కింది దారం ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి. ఒకచోట తెగితే వరసగా ఊడి వస్తుంది. చేతికుట్టులో ఒకే దారానికి రెండు కొసలా రెండు సూదులు. ప్రతి రంధ్రంలోనూ రెండు సూదులూ ఎదురెదురుగా దూరి అటుదిటు, ఇటుదటు అవుతాయి. ఒక కుట్టు తెగినా పక్కవి పట్టుకుని ఉంటాయి. అంచుకి పావు అంగుళం లోపల గీత గీసి, ఫోర్కుతో నొక్కి సమదూరంలో గుర్తులు పెట్టి, ఆరెతో పొడవాలి. దారానికి మైనం పట్టించాలి. కుట్టాల్సిన పొడవుకి నాలుగు రెట్లు దారం తీసుకోవాలి, లేకపోతే నాలాగా మధ్యలో అయిపోతుంది. మూలలు గుండ్రంగా కోయడానికి స్టీలు గ్లాసు అడుగు పెట్టి గీశాను. రోజుకి అరగంట కంటే కూర్చోలేకపోయాను, వేళ్ళు నొప్పి. ఇరవై రెండు రోజులు పట్టింది. "ముప్పైయేడేళ్ళు ఫైళ్ళకి ట్యాగులు కట్టారు, తనివి తీరలేదా?" అంది మా ఇంటావిడ. తోలు వరండా దాటి లోపలికి రాకూడదని కూడా అంది.

ఇంకో పొరపాటు, అందులో ఒక చమత్కారం. ఇనుప బకిలు పెట్టాను. ఒక వాన తడిసేసరికి బకిలు చుట్టూ నల్లటి మరక. ఎంత తుడిచినా పోదు. చెట్టు కింద మాస్టారు నవ్వి, కరక్కాయ పదునుకి ఇనుము తగిలితే నలుపే గదా అన్నారు. వెంటనే మా తాతగారి సిరా గుర్తొచ్చింది. కరక్కాయ కషాయంలో అన్నభేది కలిపితే నల్లసిరా. అన్నభేది ఇనుప లవణం. మా తాతగారు కరణం, ఆయన లెక్కలు రాసిన సిరాయే నా సంచి మీద తయారయింది! బకిలు మార్చి ఇత్తడిది పెట్టించాను. మరక ఉంచుకున్నాను.

మూతకి జిప్పు లేదు, అయస్కాంతం గుండీ లేదు. జిప్పు లాగడానికి మన వేళ్ళు సహకరించవు. గుండెకి పేస్‌మేకరు ఉన్నవారు అయస్కాంతాన్ని దానికి కనీసం 6 అంగుళాల దూరంలో ఉంచాలని డాక్టర్లు చెబుతారు, సంచేమో గుండెల మీదే వేలాడుతుంది. అందుకని తోలు నాలిక ఒకటి వలయంలో దూర్చడమే. ఒక చేత్తో వస్తుంది. లోపల అస్తరు ముదురు రంగు వేయకండి. శుక్లాల కళ్ళకి నల్ల సంచి లోపల బావిలా ఉంటుంది. నేను లేత పసుపు గుడ్డ వేశాను, సూది పడినా కనిపిస్తుంది.

ఇక బయట జేబు. దీనికోసమే ఈ సంచంతా. ముందువైపు, మూత ఎత్తకుండా చెయ్యి పెట్టేలా, ఎర్రదారంతో కుట్టింది ఇదొక్కటే. ఇందులో మూడే వస్తువులు. ఒకటి, మూడు చెంచాల గ్లూకోజు పొడి పొట్లం. నాలుక కింద మాత్ర పెట్టుకోమని డాక్టరు చెప్పినవారైతే ఆ మాత్రల అట్ట. రెండు, దళసరి చీటీ మీద పెద్ద అక్షరాలతో నా పేరు, ఇంటి నంబరు, అమ్మాయి నంబరు, నా జబ్బు, వాడే మందులు, రక్తం గ్రూపు. "స్పృహ ఉండి మింగగలిగితే చక్కెర ఇవ్వండి, లేకపోతే 108కి ఫోను చేయండి" అని కూడా రాశాను. మూడు, ఇంటి తాళంచెవి. కరివేపాకు దీనిలో పెట్టరాదు. ఈ నియమం ఒకసారి ఉల్లంఘించబడింది, ఎవరివల్లో చెప్పను.

తోలుకి సంరక్షణ పెద్దగా లేదు. తడిస్తే నీడలో ఆరబెట్టండి. ఎండలో పెడితే బిరుసెక్కి పగులుతుంది. వానాకాలం బూజు పడితే పొడిగుడ్డతో తుడిచి గాలి తగలనివ్వండి, ప్లాస్టిక్ కవరులో దాచకండి. ఏడాదికి రెండుసార్లు గుడ్డతో ఆముదం పల్చగా రాస్తే చాలు. ఎక్కువైతే చొక్కాకి అంటుతుంది.

సంచి పూర్తయ్యే రోజుల్లోనే రోడ్డు వెడల్పు పనిలో ఆ చెట్టు కొట్టేశారు. ఆయన అక్కడ కూర్చోవడం లేదు. వాకబు చేసి ఇంటికి వెళ్ళాను. ఆయన కోడలు టీ ఇచ్చింది. సంచి ఇచ్చి చూడమన్నాను. కళ్ళకి దగ్గరగా పెట్టుకుని, బొటనవేలితో కుట్టు వెంబడి తడిమి, "ఇక్కడ మూడు కుట్లు వదులు" అన్నారు. నిజమే, అది నా మనవడు ఫోను చేసిన రోజు.

మాటల్లో నా లైఫ్ సర్టిఫికెట్ సంగతి వచ్చింది. అదేమిటని అడిగారు. ఏడాదికోసారి బతికున్నామని రుజువు చూపాలి, 2014 నుంచి వేలిముద్రతోనూ, 2021 నుంచి ఫోనులో మొహం చూపించి కూడా ఇవ్వచ్చు అని చెప్పాను. ఆయన కాసేపు ఊరుకుని, "నన్నెవరూ అడగలేదు బాబుగారూ" అన్నారు.

చర్మకారులకి మన రాష్ట్రంలో సామాజిక పింఛను ఉంది. ఆ సంగతి ఆయన ఇంట్లో ఎవరికీ తెలియదు. పైగా రేషను కార్డులో ఒక పేరు, ఆధారులో ఇంకో పేరు, పుట్టిన సంవత్సరంలో తేడా. ఆయనకి ఆరె ఎలాగో నాకు ఇది అలాగ. కాగితాలన్నీ తెమ్మన్నాను, తేదీల వారీగా పేర్చాను, దరఖాస్తు రాశాను. సచివాలయానికి నాలుగుసార్లు తిరిగాం, ఇద్దరం కలిసి. రెండుసార్లు తిప్పి పంపారు. మన బల్ల మీదినుంచి మనం ఎంతమందిని అలా తిప్పి పంపామో ఆ బెంచీ మీద కూర్చున్నప్పుడు లెక్కవేసుకోబోయి మానుకున్నాను. ఏడో నెలలో మంజూరైంది. మిగిలిన తోలు ముక్కతో ఆయన పింఛను కార్డుకి ఒక తొడుగు కుట్టి ఇచ్చాను. ఈసారి కుట్లు వదులుగా లేవన్నారు. నేను ఇప్పుడు ఆయన్ని మీరు అంటున్నాను, ఆయన మాత్రం బాబుగారూ అనడం మానలేదు.

సంచి ఇప్పుడు మా ముందు గదిలో క్యాలెండరు పక్క మేకుకి ఉంటోంది. వరండా దాటి లోపలికి ఎప్పుడు వచ్చిందో నేను గమనించలేదు.

ఇవాళ ఆ సంచిని, అట్ట నమూనాని తెచ్చాను. టీ ఇచ్చే బల్ల పక్కన పెట్టాను. నమూనా జిరాక్సులు ముప్పై ఉన్నాయి. కుట్టుకునే ఓపిక లేనివారు కుట్టించుకోవచ్చు, ఆయన చిరునామా జిరాక్సు వెనక రాయలేదు గాని నన్ను అడిగితే వెంటబెట్టుకుని తీసుకెళతాను. ధర ఆయనే చెబుతారు, బేరం ఆడకండి. సంచిని తెరిచి చూడండి, తడిమి చూడండి, ఎర్రదారం జేబులోది మాత్రం తీసినవారు మళ్ళీ అక్కడే పెట్టండి. నేను ఇంకా ఇంటికి వెళ్ళాలి.